ఆనకట్టయు నడవడియు

సేతువులు, చెఱువులు, కాలువలు మున్నగు కట్టడములను గూర్చి వ్రాయునప్పుడు మనవారు రాతిని, సున్నమును, ఇంజనీరును, వ్యయమైన ధనమును పేర్కొందురు. పొడవెంత, ఎత్తెంత, ఎన్ని ఎకరములు సాగగుచున్నవి అను లెక్కలు చెప్పుదురు. ఆ లెక్కలు వలసినవే. గ్రామపు లెక్కలు వ్రాయుటయే వృత్తిగా గల నేను వానిని తక్కువ చేసి పలుకను. కాని ప్రతి కట్టడమునందును లెక్కకెక్కని భాగమొకటి కలదు. అది దానిని తలపెట్టినవారి, కట్టినవారి, కాపాడువారి, దానివలన ఫలమనుభవించువారి నడవడి. రాయి తన బరువుచేత నిలుచును గాని కట్ట మనుష్యుల నడవడిచేతనే నిలుచును. కృష్ణా డెల్టా యొక్క రెండువందల యేండ్ల చరిత్రను పరిశీలించినచో ఈ మాటలోని సత్యము తెలియగలదు. గ్రంథాలయ రజతోత్సవ సంచికలో నీటి ప్రసంగమేల అని పాఠకులు సందేహింపవచ్చును. దానికి సమాధానము కడపట మనవి చేయుదును.

ఈ సంగతిని మన పూర్వులెఱుగనివారు కారు. మహాభారతమున సభాపర్వములో నారదమహర్షి ధర్మరాజును పెక్కు ప్రశ్నలడుగును. అందు నీ రాజ్యమున చెఱువులు నిండి యున్నవా, వ్యవసాయము వానపైననే ఆధారపడక సాగుచున్నదా అనునది యొకటి. చెఱువును గూర్చిన ప్రశ్న రాజు నడవడిని గూర్చిన ప్రశ్నలలో చేరియుండుట గమనింపదగినది. దీనికంటెను స్పష్టమైన సాక్ష్యము కడప మండలములోని పోరుమామిళ్లలో కలదు. అచ్చటి శాసనము శాలివాహన శకము 1291, అనగా క్రీ. శ. 1369 నాటిది. విజయనగర ప్రభువగు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు అనంతరాజసాగరమను చెఱువును కట్టించి, ఆ వృత్తాంతమును సంస్కృతమున చెక్కించెను. వేయిమంది కూలీలు, నూఱు బండ్లు, రెండేండ్ల కాలము ఆ పనికి పట్టినట్లు అందు వ్రాయబడియున్నది.

ఆ శాసనము యొక్క విశేషము మఱియొకటి. మంచి చెఱువునకు పండ్రెండు సాధనములు కావలెననియు, ఆఱు దోషములు ఉండరాదనియు అది చెప్పుచున్నది. గట్టి నేల, తీపినీటి నది, ఊతగా కొండ, నిడుపైన రాళ్ల గని, లోతును వైశాల్యమును గల గర్భము, దిగువను సమతలమైన పొలము మున్నగునవి సాధనములలోనివి. ఇవి యన్నియు ప్రకృతి ఇయ్యవలసినవి. అయితే మొట్టమొదటి సాధనముగా చెప్పబడినది ధర్మపరుడగు ప్రభువు. రెండవది జలశాస్త్రమెఱిగిన పండితుడు. పండ్రెండవది కట్టుపనిలో ఆరితేరిన జనసమూహము. మొదటను మనుష్యుడే, తుదను మనుష్యుడే. నడుమనున్న రాయియు మన్నును ఆ యిరువురి చేతులలో నున్నవి. దోషములలో కట్టనుండి నీరూరుట, నేల చవుడగుట మున్నగువానితోపాటు రెండు రాజ్యముల పొలిమేరలో చెఱువుండుట కూడ ఒక దోషముగా చెప్పబడినది. ఇది మట్టి దోషము కాదు, మనస్సుల దోషము. ఇద్దఱిదైన దానిని ఎవ్వరును బాగుచేయరనియు, ఇద్దఱును తగవులాడుదురనియు ఆ శాసనకర్త ఎఱుగును.

ఈ కొలబద్దను మన ప్రాంతమునకు పెట్టి చూతము. ముదినేపల్లి గుడివాడకును కైకలూరునకును నడుమ, కొల్లేటికి దక్షిణపు దిక్కున నున్నది. నది తెచ్చి పోసిన ఒండ్రుమట్టియే మన నేల. ఇచ్చట కొండ లేదు, రాతి గని లేదు. శాసనము కోరిన ప్రకృతి సాధనములు మనకు ముప్పది నలువది మైళ్ల ఎగువను, బెజవాడకడ మాత్రమే కలవు. అచ్చట ఇంద్రకీలాద్రికిని సీతానగరపు కొండకును నడుమ కృష్ణ ఇరుకై పాఱుచున్నది. కావున మన పొలము పచ్చగా నుండుట మన చేతిలో లేదు. బెజవాడ మొదలు మన పొలిమేర వఱకు గల ప్రతి తూము కడను, ప్రతి గట్టుమీదను ఎవడో ఒకడు తన పనిని సరిగా చేయుటపై ఆధారపడియున్నది.

ఆనకట్ట లేని కాలము ఎట్టిదో నందన నామ సంవత్సరపు కఱవు చూపినది. 1832–33లో వచ్చిన ఆ కఱవును మన పెద్దలు డొక్కల కఱవని చెప్పుకొనిరి. గుంటూరు సీమలో జనసంఖ్య యందు మూడవవంతునకు తక్కువ గాకుండ నశించిరి. బందరు సీమయు మిక్కిలి బాధపడెను. విచారకరమైన విషయమేమనగా, పడమటి కనుమలలో కురిసిన వానవలన ఏటేట కృష్ణలో పాఱు నీరు ఎవ్వరికిని ఉపయోగపడక ఈ కఱవునేల ప్రక్కనుండియే సముద్రమున కలియుచుండెను.

కఱవు తీఱిన పిదపనైనను పని వెంటనే మొదలు కాలేదు. కెప్టెన్ బకుల్, కెప్టెన్ బెస్టు, కెప్టెన్ లేకు అను ఇంజనీర్లు ఒకరి వెనుక ఒకరు నదిని పరిశీలించి అంచనాలు వ్రాసిరి. స్థలమును గూర్చియు, వ్యయమును గూర్చియు వాదములు నడచెను. కాగితములు బెజవాడ నుండి మదరాసునకును, మదరాసు నుండి లండనునకును పోయి వచ్చుచుండెను. గోదావరిపై ధవళేశ్వరపు ఆనకట్టను 1847లో ఆరంభించి 1852లో ముగించిన ఆర్థరు కాటను కృష్ణ ఆనకట్టను గట్టిగా సమర్థించిన పిమ్మట కంపెనీవారు అనుమతించిరి. కెప్టెన్ ఓరు అధ్వర్యవమున 1852లో పని మొదలై 1855లో ముగిసెను. 1133 మీటర్లకు చేరువ పొడవు గల ఆ కట్ట మూడేండ్లలో పూర్తి యయ్యెను. కాని కఱవునకును కట్టకును నడుమ ఇరువది రెండేండ్లు గడచెను. నది మాఱలేదు, కొండలు మాఱలేదు, రాయి మాఱలేదు. ఆ ఇరువది రెండేండ్లును పట్టినది మనుష్యులు మనస్సు గట్టిచేసికొనుటకే.

కాటను యొక్క నడవడిలో మఱియొక గుణము కలదు. లోతు తెలియని ఇసుకలో పునాది ఎట్లు నిలుపవలెనను విద్యను తాము ఈ దేశపు పూర్వశిల్పుల కట్టడములనుండియే నేర్చుకొంటిమని ఆయన బాహాటముగా ఒప్పుకొనెను. కావేరిపై చోళులు కట్టిన కల్లణను ఆయన చాలకాలము పరిశీలించి, ఆ పద్ధతిని గోదావరికి తెచ్చెను. పాలించు జాతివాడు పాలింపబడు జాతి పనిని చూచి నేర్చుకొంటినని చెప్పుట ఆ కాలమున సామాన్యము కాదు. ఆ వినయమే లేకున్నచో ఆయన గణితము ఆయనను ఇసుకలో కాపాడియుండదు. అట్లే గోదావరి పనికి వేలకొలది కూలీలను సమకూర్చి, వారిచేత పని చేయించిన వీణం వీరన్నగారి నేర్పును మఱువరాదు. జనమును నడుపుట కూడ ఇంజనీరు విద్యలో భాగమే యని ఆయన చరిత్ర తెలుపుచున్నది. ఇక రాళ్లు కొట్టిన వడ్డెరల, మన్ను మోసిన ఉప్పరుల పేర్లు ఏ ఫలకమునందును లేవు. పోరుమామిళ్ల శాసనము చెప్పిన పండ్రెండవ సాధనము వారే.

బెజవాడ ఆనకట్ట నేటి బారేజివలె తలుపులు గల కట్టడము కాదు. నది యడుగున రాళ్లను గుట్టగా పోసి, గోడలతో బిగించి, నీరు పైనుండి పొరలి పోవునట్లు కట్టిన కట్ట. వరద వచ్చినప్పుడెల్ల దిగువ వాలులోని రాళ్లు కొన్ని జాఱి క్రుంగిపోవును. వరద తగ్గిన పిదప కొలత తీసి, పోయిన రాళ్లకు మాఱుగా రాళ్లు పోయవలెను. ఒక యేడు మానినచో కంటికి కనపడు నష్టమేదియు ఉండదు. రెండవయేడు మానినను కట్ట నిలుచును. ఎన్నడు కూలునో చెప్పుట కష్టము. ఇందు మనుష్య స్వభావమునకు పెద్ద పరీక్ష యున్నది. క్రొత్తగా కట్టుటకు ఉత్సాహము కలుగును, ఫలకము వేయుటకు పెద్దలు వత్తురు. ఏటేట రాళ్లు పోయుటకు ఏ ఉత్సవమును లేదు. అయినను తొంబది యేండ్లకు పైగా ఆ పని జరుగుచుండుటచేతనే ఆ కట్ట నిలిచినది. తుదకు 1952 వరదలకు అది తెగెను. ఆ సంవత్సరము కూడ నందనయే. ఒక నందన కట్ట లేని కఱవును చూపెను, రెండు ఆవృత్తులు గడచిన పిమ్మట వేఱొక నందన కట్ట తెగుటను చూపెను. దానికి ఎగువను 1954లో ఆరంభింపబడి 1957లో ముగిసిన 70 తలుపుల బారేజికి ఆంధ్రకేసరి ప్రకాశంపంతులుగారి పేరు పెట్టబడినది. దాని క్రింద నేడు సుమారు 13 లక్షల ఎకరములు సాగగుచున్నవి.

పెద్ద కట్టను సర్కారువారు కాపాడిరి. ఊరి కట్టలను కాపాడినదెవరు? పూర్వము ఊరివారందఱును కలిసి కాలువపూడిక తీయుట, గట్లు వేయుట ఆచారముగా నుండెను. తమిళ సీమలో దానిని కుడిమరామత్తు అనిరి. కంపెనీ పరిపాలనలో ఆ యాచారము సడలసాగెను. అందుచేత 1858లో మదరాసు రాజధానికై నిర్బంధ శ్రమ చట్టము చేయబడెను. చెఱువుగాని, ఏటి గట్టుగాని తెగు ప్రమాదమున్నప్పుడు గ్రామాధికారులు ఊరిలో శక్తి గలవారినందఱిని పనికి పిలువవచ్చును. గడ్డి, వెదురు మున్నగు సామగ్రిని తీసికొనవచ్చును. ఆచారము ప్రకారము చేయవలసిన పనిని మానినవానినుండి ఆ పని విలువకు రెండింతలు వసూలు చేయవచ్చును. చట్టము పుట్టినదన్న అప్పటికే ఆచారము చచ్చుచున్నదని అర్థము. తనదని తలచినంత కాలము ఊరివాడు పిలువకయే పలుగు, పార తెచ్చెను. సర్కారుదని తెలిసిన నాటినుండి పిలిచినను రాడాయెను. మంచి యుద్దేశముతో పెత్తనమును పైకి తీసికొనిపోయినను, దానితోపాటు బాధ్యతయు పైకి పోవును. ఇది ఎవరి దుర్మార్గమును కాదు, మనుష్య స్వభావము.

గట్టు ఎట్లు తెగునో తెలిసినవారికి ఈ మాట బాగుగ బోధపడును. నీరు పైనుండి దుమికి గట్టును కూల్చుట అరుదు. ఎండ్రకాయ బొరియయో, ఎలుక కన్నమో ఉండును. దానిగుండ నీరు సన్నగా ఊరుచుండును. ఊరెడి నీరు తేటగా నున్నచో అంత భయము లేదు. అది బురదగా మాఱినచో లోపలి మన్ను కొట్టుకొనివచ్చుచున్నదని గుర్తు. ఆ క్షణమున ఒకడు చూచి, నాలుగు బస్తాల ఇసుకను చుట్టును కట్టగలిగినచో గట్టు దక్కును. రాత్రి గడచినచో గండి పడును. అనగా లక్షల రూపాయల గట్టును కాపాడునది అర్ధరాత్రివేళ లాంతరుతో దానిపై నడచు లస్కరు. వాని ఉద్యోగము ఖాళీగా నుంచి, గట్టునకు సిమెంటు పూత పూసినంతమాత్రమున భద్రత కలుగదు. మఱియు గట్టు అడుగున మన్ను త్రవ్వి ఇంటికి తోలుకొనిపోవువాడు, ట్రాక్టరు దిగుటకు గట్టును చెక్కి బాట చేయువాడు, గట్టుమీద గుడిసె వేయువాడు వీరెవ్వరును తాము గట్టును తెంపుచున్నామని తలపరు. ఒక్కొక్కడు తీసినది ఒక్క తట్టయే.

ఇక నీటి పంపకమును చూతము. కాలువకు మొదట నున్నవాని పొలమునకు నీరు దానంతట అది వచ్చును. శివారున నున్నవానికి మొదటివాడు విడిచినంతయే వచ్చును. మొదటివాడు దురాశాపరుడు కానక్కఱలేదు. రేపు నీరు వచ్చునో రాదో అను భయమే వానిచేత నేడు మోకాటిలోతు పెట్టించును. ఆ భయము పోవలెనన్న వంతు ప్రకారము నీరు తప్పక వచ్చునను నమ్మకము కలుగవలెను. నమ్మకము లేనిచోట ఇనుప తలుపుకు తాళము వేసినను దొంగతూము పుట్టును. ఫలితము ఇరువురికిని కీడే. ఎగువ పొలమున నీరు నిలిచి మురుగును, దిగువ పొలము ఎండి, సముద్రపు సమీపమున చవుడు పైకి తేలును. పోల్‌రాజ్ కాలువ వెంట పొలములు గలవారికిని, బంటుమిల్లి, కృత్తివెన్ను ప్రాంతముల శివారు రైతులకును ఈ విషయము వివరించి చెప్పనక్కఱలేదు. 1997లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ చేసిన చట్టము ప్రకారము రైతులే ఎన్నుకొను నీటి వినియోగదారుల సంఘములు రాష్ట్రమున పదివేలకు పైగా ఏర్పడినవి. పైకి పోయిన బాధ్యతను మఱల క్రిందికి దించుటకు జరిగిన ప్రయత్నమది. సంఘమున్నంతమాత్రమున చాలదు. మొదటి రైతు ఒక్కసారియైనను కాలువ వెంట శివారు వఱకు నడచి చూచినచోటనే అది పనిచేయును.

పంపకమునకు రెండవ ముఖము మురుగు. మన డెల్టాలో నీరు తెచ్చుట ఎంత విద్యయో పంపుట అంత విద్య. 1960–70 నడుమ వచ్చిన వరదల పిమ్మట మిత్రా సంఘము డెల్టా మురుగుకాలువలను పరిశీలించి, వానిని వెడల్పు చేయవలెనని సూచించెను. ఆ పిదప పనులును జరిగెను, పన్నును వేయబడెను. అయినను మురుగుకాలువ పోరంబోకున ఒకడు నారుమడి పోయును, మఱియొకడు అడ్డుకట్ట వేసి చేపలు పట్టును, తూటికాడయు గుఱ్ఱపుడెక్కయు అందఱి పక్షమున పెరుగును. పంటకాలువకు రైతు కాపు కాయును గాని మురుగుకాలువకు కాపు లేదు. ఎందుకనగా తనకు నీరు రానప్పుడు ప్రతివాడును నష్టమును చూచును. తన మురుగు ఎవరి పొలమున నిలుచునో చూచువాడు అరుదు.

ఈ స్వభావమునకు నిలువుటద్దము మన ప్రక్కనున్న కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు మున్నగు ఏఱుల నీటిని తనలో నింపుకొని, ఉప్పుటేఱుగుండ మెల్లగా సముద్రమునకు విడుచు సహజమైన చెఱువది. 1970–80 నడుమ ప్రభుత్వమే మత్స్యకార సంఘములచేత అందు చేపల చెఱువులు త్రవ్వించెను. లాభము కనబడగనే ధనవంతులును ప్రవేశించిరి. సరస్సు గట్లతో నిండెను. 1999లో అయిదవ కాంటూరు వఱకు గల 308 చదరపు కిలోమీటర్లను పక్షుల అభయారణ్యముగా ప్రకటించిరి. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యము గల రామ్సారు ప్రదేశములలో అది చేరెను. 2006లో వేల యెకరముల చెఱువుల గట్లను ప్రభుత్వము పగులగొట్టించెను. కాలక్రమమున మఱల గట్లు లేచినవి. గట్లు పగులగొట్టుట యంత్రముల పని, కొన్ని వారములలో ముగియును. ఆ గట్లు వేసిన మనస్సును మార్చుట, ఆ చెఱువులపై బ్రతుకువానికి వేఱొక బ్రతుకు చూపుట యంత్రములవలన కాదు. రెండవ పని చేయక మొదటి పని మాత్రమే చేసినచో ఫలము నిలువదు.

పొలిమేర దోషమును గూర్చి శాసనము చెప్పిన మాటయు మనయెడ నిజమైనది. కృష్ణ మహారాష్ట్రమున పుట్టి, కర్ణాటకము మీదుగా వచ్చును. బచావత్ న్యాయస్థానము 1973లో ఇచ్చి, 1976లో ముగించిన తీర్పులో నది నీటిని 2060 టి.ఎం.సి.లుగా లెక్కగట్టి, మహారాష్ట్రమునకు 560, కర్ణాటకమునకు 700, ఆంధ్రప్రదేశమునకు 800 పంచెను. ఒక్కొక్క టి.ఎం.సి. నూఱు కోట్ల ఘనపుటడుగులు. కృష్ణా డెల్టా వంతు 181.20. 2014లో రాష్ట్రము రెండగుటచే నాగార్జునసాగరమే ఇరు రాష్ట్రముల పొలిమేరయయ్యెను. చిన్న కొలతలోను ఇదియే. 2022లో ముదినేపల్లి ప్రాంతము కృష్ణా జిల్లానుండి ఏలూరు జిల్లాలో చేర్చబడినది. కాగితముపై ఎల్ల మాఱినది గాని కాలువ తన దారి మార్చుకొనలేదు. ఎగువ గట్టు ఒక కార్యాలయమునకును దిగువ గట్టు మఱియొక కార్యాలయమునకును చెందినప్పుడు, నడుమ గండి ఎవరిదను ప్రశ్న పుట్టకుండ చూచుట మన పని.

నదివైపు కట్టలను గూర్చి చెప్పితిని. సముద్రమువైపునను ఇదే పాఠము కలదు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి ఉప్పెన బందరును ముంచెను. సుమారు ముప్పదివేల మంది మరణించిరి. 1977 నవంబరు 19న దివిసీమలో వచ్చిన ఉప్పెనలో సుమారు పదివేల మంది పోయిరని ప్రభుత్వపు లెక్క. అంతకంటె ఎక్కువయని పలువురి యభిప్రాయము. గాలివాన వచ్చుచున్నదను వార్త ఆనాడు లేకపోలేదు. కాని అది ఏ యూరికి ఏ వేళ ఎంత నీరు తెచ్చునో చెప్పగలవాడు లేడు. చెప్పినను పోవుటకు మిట్ట లేదు. ఆ పిదప మచిలీపట్టణమున రాడారు నెలకొల్పబడెను, తీరగ్రామములలో తుపాను ఆశ్రయ భవనములు కట్టబడెను. 1990 మే 9న అంతటి గాలివాన మఱల కృష్ణాముఖమున తాకెను. లక్షలాది జనమును ముందుగా తరలించుటచేత చనిపోయినవారు వేయి లోపుగనే యుండిరి. ఈ రెంటికిని గల వ్యత్యాసము భవనములవలన మాత్రమే కలిగినది కాదు. 1977ను చూచినవారు 1990లో ఇల్లు విడువుమనగనే విడిచిరి. జ్ఞాపకమే వారిని నడిపించినది. ఆశ్రయ భవనమును నిత్యము బడిగా వాడుకొను ఊరిలో దాని తలుపు ఆపదవేళ తెఱచుకొనును. తాళము ఎవరికడ నున్నదో తెలియని ఊరిలో ఆ భవనము ఉండియు లేనట్లే.

సముద్రమునకు దిగువ నున్న హాలండు దేశపు చరిత్రయు ఇట్లే చెప్పుచున్నది. పూర్వము అచ్చట ప్రతి రైతునకును గట్టులో ఇంత భాగమని అప్పగింపబడియుండెను. తన భాగమును బాగుచేయలేనివాడు తన పారను గట్టులో గ్రుచ్చి, పొలము విడిచి పోవలెను. ఎవడు ఆ పారను పెఱుకునో వానికి పొలమును, గట్టు బాధ్యతయు రెండును చెందును. కఠినమైన ధర్మమే గాని అనుభవమును బాధ్యతను విడదీయని ధర్మము. అంతటి దేశమున సయితము 1953 ఫిబ్రవరి 1వ తేదీ రాత్రి గట్లు తెగి 1836 మంది మరణించిరి. గట్లు తక్కువ యెత్తున నున్నవని యోహాన్ వాన్ వేన్ అను ఇంజనీరు అంతకు ముందే హెచ్చరించియుండెను. ఆ హెచ్చరిక తప్పు కాలేదు, వినుటయే ఆలస్యమయ్యెను.

మనకు అటువంటి హెచ్చరిక 2024లో వచ్చినది. ఆ సంవత్సరము సెప్టెంబరు 1న బుడమేరు మళ్లింపు కాలువ గట్టునకు మూడుచోట్ల గండ్లు పడి, విజయవాడలోని సింగునగరము మొదలగు పేటలు దినముల తరబడి నీటిలో నుండెను. సైన్యము తోడ్పడగా గండ్లు పూడ్చుటకు వారము దినములు పట్టెను. మఱునాడు ప్రకాశము బారేజికి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చెను. బారేజి కట్టిన పిమ్మట అంతటి వరద ఎన్నడును రాలేదు. బారేజి నిలిచెను. కాని ప్రవాహమున కొట్టుకొనివచ్చిన పడవలు తలుపుల తూకపుదిమ్మెలను ఢీకొని చెఱచెను. లక్షల క్యూసెక్కుల నీటిని ఓర్చినది పడవ తాకుడును ఓర్వలేకపోయెను. కావున ఒడ్డున పడవను కట్టు త్రాడును ఆనకట్టలో భాగమేయని తెలియవలెను. బుడమేటి సంగతియు క్రొత్తది కాదు. 2005లోను అది నగరమును ముంచెను. పందొమ్మిది యేండ్లలో ఎందఱో ఆ యేటి దారిలో ఇండ్లు కట్టుకొనిరి. వారిలో పలువురు పేదవారు. చవుకగా దొఱికిన నేల ఏల చవుకయో చెప్పువారు వారికి లేకపోయిరి.

ఇంతవఱకు చెప్పినదానిలో ఇంజనీరు తప్పిదము కంటె, కూలివాని తప్పిదము కంటె పెద్దది యొకటి కానవచ్చుచున్నది. అది మఱపు. ఒక తరము ఉప్పెనను చూచును, రెండవ తరము వినును, మూడవ తరము ఆ పల్లములోనే ఇల్లు కట్టును. వరద నలువది యేండ్లకొకమాఱు వచ్చునది, మనుష్యుని జ్ఞాపకము ఇరువది యేండ్లకు మసకబాఱునది. ఈ రెంటికిని గల అంతరములోనే కట్టలు తెగుచున్నవి. పూర్వము కరణముల దండకవిలెలలోను, అడంగళ్లలోను ఏ సంవత్సరమున ఏ పొలము మునిగినదో, ఎండినదో వ్రాయబడియుండెను. 1984లో ఆ వ్యవస్థ రద్దయ్యెను. దానిలో దోషములు లేకపోలేదు. రద్దు చేయుటకు కారణములును కలవు. కాని పెక్కు ఊళ్లలో ఆ వ్యవస్థతోపాటు ఊరి నీటి జ్ఞాపకమును పోయినది. గడియారము ఆగినచో ఇంటివారందఱును గుర్తింతురు. జ్ఞాపకము ఆగినచో గుర్తించువాడే ఉండడు.

ఇచ్చటనే గ్రంథాలయమునకు పని కలదు. 1935లో పాతూరి నాగభూషణంగారు పెదవడ్లపూడి నుండి కొల్లిపర వఱకు కాలువమీద పడవ గ్రంథాలయమును నడిపిరి. పొలమునకు నీరు తెచ్చిన కాలువయే ఊరూరికిని పుస్తకమును తెచ్చెను. ఆ ఋణమును మనము తీర్చుకొనుటకు మార్గము కలదు. మన గ్రంథాలయమున నీటిపుస్తకమని ఒక బైండు పుస్తకము పెట్టవలెను. ఏటేట కాలువకు నీరు విడిచిన తేదీ, శివారు పొలమునకు చేరిన తేదీ, కాలువ కట్టివేసిన తేదీ, గండి పడిన చోటు, దానిని పూడ్చినవారి పేర్లు, వరదనీరు బడిగోడపై ఎంతవఱకు నిలిచినదను కొలత, మురుగు దిగుటకు పట్టిన దినములు, ఇవి అందు వ్రాయవలెను. ఎవరిని నిందించుటకును కాదు, ఎవరిని పొగడుటకును కాదు. నీరు విడిచిన తేదీకిని శివారునకు చేరిన తేదీకిని గల అంతరమును ఇరువది యేండ్లపాటు వరుసగా వ్రాసినచో, మన కాలువ బాగుపడుచున్నదో చెడుచున్నదో ఏ పండితుని అడుగనక్కఱ లేకయే తెలియును. ఊరి ముసలివారినడిగి 1977 నాటి నీటిమట్టమును, 1990 నాటి నీటిమట్టమును ఇప్పుడే గోడలపై గుర్తు పెట్టవలెను. ఆ కన్నులు ఇక ఎంతో కాలము మనకు లభింపవు.

ఈ పనికి ధనము అక్కఱలేదు. చక్కని దస్తూరియు, ఏటేట విడువని పూనికయు చాలును. బడిపిల్లలు కొలువవచ్చును, రైతులు చెప్పవచ్చును, గ్రంథపాలకుడు వ్రాయవచ్చును. ఇరువదియైదేండ్లు ఈ గ్రంథాలయమును నిలిపిన చేతులకు ఇది భారము కాదు. స్వర్ణోత్సవము నాటికి ఈ గ్రంథాలయములో నూఱు క్రొత్త గ్రంథములు చేరియుండుట మేలే. వానితోపాటు మన ఊరి నీటిపుస్తకములో ఇరువదియైదేండ్ల వరుసలు తప్పక నిండియున్నచో, ఆనాటి మన పిల్లలు ఇల్లు ఎచ్చట కట్టవలెనో, గట్టు ఎచ్చట పెంచవలెనో ఆ పుటలు చూచి నిర్ణయించుకొందురు.